తేలున్న చెయ్యి

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే మరో నలుగురు వెతుక్కుని చూస్తారు. ఆ పుణ్యం నాకొద్దు.

సీమను చూపిస్తామని హైదరాబాదు నుంచి దిగి, సుమోలను గాల్లోకి లేపి, నాటుబాంబులను కొబ్బరికాయల్లా కొట్టి, మనుషులను చెరుకుగడల్లా నరికే సినిమాలు ఆ రోజుల్లో వరసగా వచ్చాయి. వాటిలో ఇదొకటి. తేడా ఒక్కటే. ఇందులో చివరి నరుకుడు ఆడమనిషిది. మొగుణ్ణి పోగొట్టుకున్న పడుచుపిల్ల తడిసిన చీరలో కొడవలి పట్టుకుని, ముఠా నాయకుణ్ణీ వాడి మనుషులనూ జోరువానలో నరుకుతుంది. అంతా నిదానంగా, చినుకు చినుకూ కంటికి కనబడేంత నిదానంగా. చీర జారడం మాత్రం నిదానం కాదు.

దీన్ని చూసి పత్రికలవాళ్లు పొంగిపోయారు. సీమ స్త్రీకి ఇది నా నీరాజనం అని దర్శకుడు చెప్పుకున్నాడు. అనంతపురంలో ఒక సాహిత్య సంస్థ దీనిమీద ఆదివారం పూట చర్చ కూడా పెట్టింది. ఆయుధం ఆమె చేతికి వచ్చింది కాబట్టి ఇది శక్తి అని ఒకాయన, కెమెరా ఆమె నడుం మీద నుంచి దిగలేదు కాబట్టి ఇది సరుకు అని ఒకాయన, మధ్యాహ్నం దాకా వాదించుకున్నారట. భోజనాలు బాగున్నాయని విన్నాను.

ఆ కొడవలి పట్టుకున్న చెయ్యి ఎవరిదని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అది మా వదినది.

మా వదిన పేరు నారాయణమ్మ. మా అన్న లక్ష్మన్న వేరుశనగ పీకే రోజుల్లో పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు వచ్చెయ్యమని పిలిచినా ఆమె పోలేదు. కొత్తచెరువుకు ఒక నడక దూరంలో ఉన్న మా ఊళ్లోనే ఉండిపోయింది. వాన పడిన ఏడు చేన్లో శనక్కాయ వేసేది. పడని ఏళ్లే ఎక్కువ కాబట్టి కొత్తచెరువులో జయరామయ్య శెట్టి సినిమా హాల్లో ఆడవాళ్ల టికెట్లు అమ్మేది.

ఆ హాలు చూసినవాళ్లకు ఆ కిటికీ గుర్తుంటుంది. మగవాళ్ల తోపులాట తగలకుండా రెండు గోడల మధ్య సన్నటి సందు, దాని చివర గోడలో ఒక చెయ్యి మాత్రమే పట్టే కంత. వదిన లోపల చెక్క స్టూలు మీద కూర్చునేది. బయట ఎవరున్నారో ఆమెకు కనబడేది కాదు. చెయ్యి మాత్రం లోపలికి వచ్చేది. చేతిని చూసి మనిషిని చెప్పేది. గాజుల్ని బట్టి, కాయలు కాసిన చోటును బట్టి, పట్టుపురుగుల షెడ్డులో ఆకు వేసి వేసి పచ్చబడిన గోళ్లను బట్టి.

"ఏం చౌడమ్మా, మొన్ననే గదా కాలు నొప్పని పడుకున్యావు?"

బయట నుంచి చౌడమ్మ గొంతు వచ్చేది. "కాలుతో సూస్తానా సినిమా? టికెట్టియ్యి."

చౌడమ్మ మా పక్కింటావిడ. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు మగతోడు లేకుండా సినిమాకు రాగలిగారంటే అది ఈ కంత వల్లే. నారాయణమ్మ ఉంది గదా పోయి రాండి అని మొగుళ్లే పంపించేవాళ్లు. ఇంటర్వెల్లులో ఎవడైనా ఆడవాళ్ల వరసల వైపు అడ్డగోడ మీద మోచెయ్యి ఆనించి నిలబడితే వదిన పోయి వాడి పక్కనే నిలబడేది. ఏమీ అనేది కాదు. మనిషి పొడుగు, వాడికంటే ఒక జానెడు ఎత్తు. వాడే పోయేవాడు.

ఆమె కుడి చేతికి మోచేతి పైన, వెనక వైపు, తేలు పచ్చబొట్టు ఉండేది. మా వైపు ఆడవాళ్లు ముంజేతి మీద తులసికోటో పువ్వో పొడిపించుకుంటారు. తేలు పొడిపించుకుంటే తేలు కుట్టినా విషం ఎక్కదని వాళ్లమ్మ నమ్మకం. పచ్చబొట్లావిడకు చోటు చూపించేటప్పుడు చిన్నపిల్ల చెయ్యి తిప్పేసిందట, అది వెనక్కు పడింది. ఊరంతటిలో అలాంటి చోట తేలున్న మనిషి మా వదిన ఒక్కతే.

రెండువేల ఒకటి ఎండాకాలంలో ఆ సినిమావాళ్లు మా ఊరికి వచ్చారు. ఊళ్లో బోరు ఎండి, ఆడవాళ్లు బిందెలతో రోడ్డు దాటి మైలు దూరం పోతున్న రోజులు. కూలిన మొండిగోడలు, ఎర్రమట్టి, ఒక్క పచ్చటాకు లేని గుట్ట చూసి దర్శకుడు తెగ మురిసిపోయాడు. ఇంత అందమైన కరువు ఎక్కడా చూడలేదన్నాడట. ఆ కరువులో వాన కురిపించడానికి ట్యాంకర్ల మీద ట్యాంకర్లు నీళ్లు తెప్పించాడు. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు వరసగా నిలబడి చూస్తుండగా గొట్టాలతో ఆ నీళ్లు రాళ్ల మీద పోయించాడు.

హీరోయిన్ బొంబాయి పిల్ల. వట్టికాళ్లతో మా చేన్లల్లో పరిగెత్తలేకపోయింది. శనక్కాయ చేని రాళ్లు పుట్టినప్పటి నుంచి తొక్కినవాళ్లకే మెత్తన. వెనక నుంచి తీసే పరుగుకూ, కొడవలి ఎత్తే చేతికీ అదే కొలతలో ఒక మనిషి కావాలని వెతుకుతూ, ప్రవీణ్ అనే అసిస్టెంటు డైరెక్టరు వదిన దగ్గరికి వచ్చాడు. ఆ వారం హాలు మూసి కుర్చీలు బాగు చేయిస్తున్నారు. వదిన ఇంట్లోనే ఉంది. ధర్మవరం కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చి నేనూ ఉన్నాను.

"అమ్మా, మీ ముఖం అస్సలు కనపడదండీ. వెనక నుంచి మాత్రమే."

"వీపుకు సిగ్గుండదా అప్పా?"

"అలాంటిది కాదండీ. చాలా పవర్‌ఫుల్ సీను. మీ సీమ ఆడవాళ్ల పౌరుషం చూపిస్తున్నాం."

"మా పౌరుషం మా దగ్గరే ఉండాది. లేంది నీళ్లు. వాన కురిపిచ్చేదానికి తెచ్చిండే ట్యాంకర్లల్లో ఒకటి మా తొట్టికి పోయిస్తావా?"

"ఒకటేంటండీ, రెండు పోయిస్తాను."

"ఒకటి చాలు. అది పోయించు ముందు."

"షాటు అవ్వగానే" అన్నాడు ప్రవీణ్. ఆమె ఒప్పుకుంది. ఊరి తొట్టికి ఒక ట్యాంకరు నీళ్లు. ఆమె కుదుర్చుకున్న బేరం అది.

మరుసటి రోజు పొద్దున వదిన చేతికి ఒక నైలాను చీర ఇచ్చారు. దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అవతలి గుట్ట కనబడింది.

"ఇది చీరా, దోమతెరా?"

"కట్టుకోలే. దోమలన్నా కుట్టవు" అంది చౌడమ్మ.

హీరోయిన్‌కు బట్టలు మార్చుకోవడానికి వ్యాను ఉంది. వదినను వ్యాను చాటుకు పోయి మార్చుకోమన్నారు. వ్యానుకు ఒకే పక్క ఉంటుంది కదా చాటు, మిగిలిన మూడు పక్కలా లైట్లు మోసేవాళ్లు, బిర్యానీ వండేవాళ్లు. అప్పుడు చౌడమ్మ చీర మీద కప్పుకునే పైచీర విప్పి ఒక కొస పట్టుకుంది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. మా ఊళ్లో కాన్పులప్పుడూ, పోయినవాళ్లకు నీళ్లు పోసేటప్పుడూ ఆడవాళ్లు ఇలా చుట్టూ చీరలు అడ్డం పట్టుకుంటారు. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎవరి మూలకు వాళ్లు పోయి నిలబడతారు, ముఖాలు బయటికి తిప్పుకుని. ప్రవీణ్ చేతిగడియారం చూసుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"కొంచెం తొందరగా అండీ, ఎండెక్కితే ఈ లైటు పోతుంది."

"లైటు పోతే పోనీలే నాయనా, నువ్వు పో" అంది చౌడమ్మ.

చేతి మీద తేలు చూసి మేకప్‌వాడు కంగారుపడ్డాడు. హీరోయిన్ చేతికి అది లేదు. ఏదో ముద్ద రుద్ది, పొడి అద్ది, తేలును కప్పాడు. ఇంతలో ట్యాంకర్ల గొట్టాలు తెరిచారు. పక్కన మనిషి ఎత్తు ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. వదిన పరిగెత్తబోతూ అలవాటు కొద్దీ కొంగు లాగి నడుముకు దోపింది.

కట్ అన్నారు. ప్రవీణ్ తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, కొంగు దోపకండి. గాలికి ఎగరాలి."

"నరికేదానికి పోతాండానా, చీర ఆరేసేదానికి పోతాండానా?"

"అది స్టైలండీ."

మళ్లీ పరిగెత్తింది. మళ్లీ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. మళ్లీ కట్. చివరికి ఎడమ చెయ్యి కదలకుండా ఆ చేతిలో ఒక పసుపుతాడు పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. చచ్చిన మొగుడి జ్ఞాపకమని కథలో దానికో అర్థం కూడా అతికించారు. సినిమా వచ్చాక ఆ పసుపుతాడు గురించి ఒక వారపత్రికలో పేజీన్నర వ్యాసం చదివాను. స్త్రీ గుప్పిట్లో బిగిసిన సంప్రదాయం అని రాశారు.

షాట్ల మధ్య హీరోయిన్ తువ్వాలు కప్పుకుని కుర్చీలో కూర్చునేది. ట్యాంకరు నీళ్లు పొద్దున పూట చల్లగానే ఉంటాయి. ఆ పిల్ల పెదాలు నీలం తిరిగి వణుకుతోంది. వదిన పోయి తన ఉన్ని రగ్గు ఒకటి భుజాల మీద కప్పింది. భాష రాదు. నీళ్లకు పొడి కరిగి తేలు బయటపడింది. ఆ పిల్ల దాన్ని వేలితో ముట్టుకుని, నొప్పా అన్నట్టు ముఖం పెట్టింది. వదిన లేదన్నట్టు తల ఊపింది. తరువాత ఎవరైనా ఆ పిల్లను తిడితే వదిన ఊరుకునేది కాదు. "పాపం, అదీ కూలికి వచ్చిందే" అనేది.

తేలు బయటపడిన సంగతి మేకప్‌వాడు చూశాడు, కెమెరావాడు చూశాడు, ప్రవీణ్ చూశాడు. మళ్లీ తీస్తే మళ్లీ నీళ్లు కావాలి. ఎవరు చూస్తార్లే అని దర్శకుడు అన్నాడు. కొన్ని లక్షలమంది చూడాలని తీసే మనిషి అన్న మాట ఇది.

సాయంత్రం సినిమావాళ్లు పోయాక ఒక ట్యాంకరు తొట్టి దగ్గరికి వచ్చింది. ప్రవీణ్ మాట నిలబెట్టుకున్నాడు. గొట్టం విప్పితే లేత ఎరుపు నీళ్లు దూకాయి. రక్తం వాన తియ్యడానికి రంగు కలిపిన ట్యాంకరు అది, మిగిలింది మాకు పోయించారు. చౌడమ్మ గేదె మూతి పెట్టి చూసి, తల విదిలించి, ఎండిన గాటి దగ్గరికి వెనక్కి పోయింది. గేదె సినిమాలు చూడదు కాబట్టి దానికి అది రక్తమో రంగో తేల్చుకునే కష్టం లేదు. తొట్టి కడగడానికి మళ్లీ మైలు దూరం నుంచి నీళ్లు మొయ్యాల్సి వచ్చింది.

సినిమా దసరాకు పెద్ద ఊళ్లల్లో పడింది. మా హాలుకు రావాలంటే నెలా రెండు నెలలు. ఈలోగా ఒక శనివారం వదిన కంత దగ్గర కూర్చుని ఉండగా లోపలికి ఒక మగచెయ్యి వచ్చింది. గడియారం, ఉంగరం. ఊళ్లో ట్రాక్టరు తోలే యేసన్న అని గుర్తుపట్టింది.

"ఇది ఆడోళ్ల కిటికీ యేసన్నా."

"తెలుసులేక్కా. ధర్మవరంలో నీ సినిమా సూసొచ్చినా. తేలు బాగుండాదే. మాకు తెలీకపాయె ఇన్నాళ్లు."

బయట ఇంకో ఇద్దరు ముగ్గురు నవ్వారు. చెయ్యి వెనక్కి పోయింది. వదిన ఆ పూట టికెట్లన్నీ అమ్మింది. లెక్క అప్పగించింది. మరునాడు ధర్మవరంలో నా గదికి వచ్చి, "సినిమాకు పోదాం పద" అంది.

ఆడవాళ్ల వరసల్లో కూర్చున్నాం. చివరి పోరాటం వచ్చింది. ముందు నుంచి హీరోయిన్ ముఖం, కళ్లల్లో నీళ్లు. వెంటనే వెనక నుంచి వదిన. వీపు మొత్తం, తడిసి, తెర నిండా. కెమెరా మెడ దగ్గర మొదలై కిందికి జారింది, ఆగింది, మళ్లీ పైకి పాకింది. చెయ్యి లేచింది. తేలు. మళ్లీ హీరోయిన్ ముఖం. ఆమె ఎత్తిన చేతి మీద తేలు లేదు. మళ్లీ వదిన వీపు. హాలు ఈలలతో అదిరిపోయింది. కొడవలి దిగినప్పుడు ఈలలు లేవు. కొంగు ఎగిరినప్పుడు ఉన్నాయి. అనంతపురం చర్చలో ఆయుధం చేతికొచ్చిందని సంబరపడిన పెద్దమనిషి ఆ హాల్లో ఒక్కసారి చెవులు తెరుచుకుని కూర్చుంటే సరిపోయేది. ఆయన ఏదో ప్రివ్యూ చూశాడట. ఏసీ ఉంటుంది, ఈలలుండవు.

తిరుగు బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది.

"కోపమొచ్చిన ఆడది కొంగు బిగిస్తాది పిల్లా" అంది. "వదిలేది నేను యాడా సూడలే."

బస్సు మలుపు తిరిగాక మళ్లీ ఆమే అడిగింది.

"మొగమేమో ఆ పిల్లది. చెయ్యి నాది. మరి కోపమెవురిది?"

"రాసినోనిది."

"వాని మొగం. వానికి కోపమొచ్చేదానికి ఏమైంది? వాని బోరు ఎండిందా, వాని పెండ్లాన్ని జూసి ఎవురన్నా ఈలేసినారా?"

ఇంటికి పోలేదు. నేరుగా జయరామయ్య శెట్టి దగ్గరికి పోయింది, వెంట నేనూ. శెట్టి హాలు వసారాలో గల్లాపెట్టె ముందు కూర్చుని పల్లీలు నములుతున్నాడు. మంచివాడే. ఎవరినీ కొట్టడు, జీతం ఆపడు. అంతకుమించి మంచితనం ఆయనకు ఎప్పుడూ అవసరం పడలేదు.

"ఆ బొమ్మ మన హాలుకు వొద్దు జయరామన్నా."

"ఏమ్మా, నీకు గాదా పేరు? రేపట్నించి జీపులో మైకు పెట్టిస్తా. మన ఊరి ఆడపులి నారాయణమ్మ నటించిన సినిమా అని."

"పులిని గాదు, నేను టికెట్లమ్మేదాన్ని. ఆ బొమ్మ ఈడ పడినాక నా కిటికీ కాడికి ఆడోళ్లు వస్తారా? నారాయణమ్మ ఉండాది పోయి రాండి అని ఏ మొగుడన్నా అంటాడా ఇంగ? మగోళ్లు మాత్రం వస్తారు. నిన్ననే ఒగడు చెయ్యి పెట్టె."

"నాలుగు దినాలు గుసగుస లాడతారు, మర్సిపోతారు. బొమ్మకు దుడ్లు కట్టేసినా. శుక్రవారం పడ్తాది. నీకు ఇబ్బందైతే ఆ వారం ఇంట్లో ఉండు."

"నేను ఇంట్లో ఉంటే నా వీపు ఈడుంటాది గదన్నా."

శెట్టి పల్లీల పొట్టు ఊదుకున్నాడు. ఆ పొట్టుతో పాటు మాట కూడా పోయింది. మరునాటి నుంచి జీపు తిరిగింది. ఆడపులి అని మైకు అరిచింది. మా ఊరి వీధిలో, మా గుమ్మం ముందు నిదానంగా తిరిగింది.

ఇక మిగిలింది ఓబులేసు. హాల్లో మిషను ఆపరేటరు. బక్కపలచటి మనిషి, మిషన్లో వెలుగు కోసం కాలే బొగ్గు కడ్డీల పొగకు దగ్గుతూ, ఎవరితోనూ గట్టిగా మాట్లాడనివాడు. కానీ ఆ హాల్లో ప్రతి సినిమాకూ అసలు దర్శకుడు అతనే. పల్లెలకు పోయే చివరి బస్సుకు ముందే ఆట అయిపోవాలి, లేకపోతే జనం మధ్యలోనే లేచిపోతారు. అందుకని శెట్టి చెప్పినన్ని పాటలు, హాస్యాలు ఓబులేసు కత్తెర వేసి తీసేసేవాడు. రీళ్లు మా హాలుకు వచ్చేసరికే పది ఊళ్ల ఆపరేటర్లు తలా ఒక చెయ్యి వేసి ఉండేవాళ్లు. ఏ సినిమా ఎక్కడ పూర్తిగా ఆడిందో తీసినవాడికి కూడా తెలియదు. మహా కళాఖండమని వాళ్లు చెప్పుకునేది మా దగ్గర బస్సు టైముకు కొలతపెట్టి కోసే గుడ్డ.

శుక్రవారం పొద్దున రీళ్ల డబ్బాలు వచ్చాక వదిన మెట్లెక్కి పైగదికి పోయింది. నన్ను గుమ్మంలో నిలబెట్టింది.

"ఓబులేసూ, చివరి రీలు తియ్యి."

సంగతి విని అతను రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "వొద్దక్కా. శెట్టికి తెలిస్తే నా పని పోతాది."

"దినామూ కోస్తావే."

"పాటలు కోస్తే ఎవురూ అడగరు. ఫైటు కోస్తే కుర్చీలు ఇరగ్గొడతారు."

"ఫైటుండనీ. ఆ పిల్ల మొగముండనీ. సచ్చేటోళ్లుండనీ. నా చెయ్యి, నా వీపు తీసెయ్."

"పులుసులో చింతపండు తీసేసినట్లుంటాదక్కా."

"తాగేటోళ్లకు నాలిక లేదులే. తియ్యి."

అతను కాసేపు దగ్గాడు. దగ్గు సందులో ఆలోచించుకున్నాడు. అతని పెళ్లాం రేఖ కూడా ఆ కంత దగ్గర టికెట్టు తీసుకునే మనిషే. అది గుర్తొచ్చిందేమో. రీలు తీసి బల్ల మీద చుట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏ ముక్క నీదో నాకెట్ల తెలుస్తాది?"

"తేలుండేటివన్నీ నావే. తేలు లేకున్నా కొంగు ఎగిరేటివి కూడా నావే. నేను చెప్తా."

ఇద్దరూ కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశారు. గోరంత గోరంత బొమ్మలు, ఒక్కో దాంట్లో ఒక్కో గోరంత వదిన. ఈడ కొయ్యి, అంది. కోశాడు. ఈడ. కోశాడు. మిగిలిన కొసలను జిగురు పూసి అతికించాడు. బల్ల కింద తట్టలో వదిన చుట్టలు చుట్టలుగా పడింది. అంతసేపూ ఓబులేసు బొమ్మ కేసి సూటిగా చూడలేదు. ఆమె వేలు ఉన్న చోటే చూసి కోశాడు. పదేళ్లుగా తెర మీద ఆడవాళ్లను వెయ్యిసార్లు చూపించిన మనిషి. ఆ పొద్దు ఆ గదిలో ఉన్న మర్యాద నేను ఏ సాహిత్య సభలోనూ చూడలేదు.

మ్యాట్నీకి హాలు నిండింది. ఆడపులి కోసమని మా ఊరి నుంచే రెండు ట్రాక్టర్లు వచ్చాయి. యేసన్న నేల తరగతిలో ముందు వరసలో కూర్చుని, చివర్లో చూడండిరా అని అందరికీ చెప్పుకుంటున్నాడట. వదిన టికెట్లన్నీ అమ్మి, కంత మూసి, ఎప్పటిలాగే ఆడవాళ్ల వరసల చివర నిలబడింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె చేతులు కట్టుకుని ఉంది, కుడి చెయ్యి లోపలికి మడిచి.

వాన మొదలైంది. హీరోయిన్ నోరు తెరిచి కేక వేసింది. ఆ కేక సగంలో తెగింది. ముఠా నాయకుడు దబ్బున బురదలో పడి ఉన్నాడు. మళ్లీ ఆ పిల్ల ముఖం, మళ్లీ నోరు, ఇంకొకడు పడి ఉన్నాడు. నరికేవాళ్లు లేరు. చచ్చేవాళ్లు మాత్రం వరసగా చస్తున్నారు.

"ఆయమ్మ ఆవలించె, వీడు సచ్చె" అంది చౌడమ్మ.

ఆడవాళ్ల వరసలు ఒక్కసారి నవ్వాయి. ఇంకోసారి ఆ పిల్ల నోరు తెరవగానే నవ్వు ముందే మొదలైంది. అవతల మగవాళ్లల్లో ఒకడు అలవాటుగా, "రేయ్ ఓబులేసూ, యాడ కోసినావురా" అని అరిచాడు. ప్రతి సినిమాకూ అరిచే అరుపే అది. ఇంకొకడు యేసన్నను అడుగుతున్నాడు. "యాడరా తేలు?" "ధర్మవరంలో ఉన్యాది, నా కండ్లారా సూసినా." "నిన్నే కుట్టింటాదిలే, పండుకో పో." అంతే. కుర్చీలు విరగలేదు. ఒక స్త్రీ పగ అని వాళ్లు డప్పు కొట్టిన దాంట్లోంచి ఆ స్త్రీ ఒంటిని తీసేస్తే ఏమీ మిగల్లేదు. మిగల్లేదన్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఆట విడిచాక శెట్టి వసారాలోంచి అడిగాడు. "ఏమ్మా, నువ్వు యాడుండావు దాంట్లో? కనపళ్లేదే."

"నేనా? నేను కిటికీ కాడే ఉండా గదన్నా. నువ్వే సూడలే."

శెట్టికి అనుమానం వచ్చిందో లేదో తెలియదు. మొదటి ఆట డబ్బులు చేతిలో ఉన్నాయి, అడగలేదు. వారం తరువాత రీళ్లు వెనక్కి పోయాయి. ముక్కలు అతికించి పంపాలన్నది పద్ధతి. ఓబులేసు అతికించలేదు. ఎవరూ లెక్క చూడలేదు. సాయంత్రం ఆటకు కంతలోకి ఎప్పటి చేతులే వచ్చాయి.

ఆ ముక్కలు వదిన ఇంటికి తెచ్చింది. కాలుస్తుందనుకున్నాను. ఆ ఏడు చేన్లో శనక్కాయ మధ్య వేసిన జొన్న సాళ్లు నాలుగు కంకులు పట్టాయి, రామచిలకలు విడవడం లేదు. కర్రలు పాతి, ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు ఆ ముక్కలు కట్టింది. గాలికి అవి గలగలమంటూ ఎండకు మెరిసేవి. చిలకలు రాలేదు. దర్శకుడి నీరాజనం ఒక చిన్న చేనికి నిజంగా ఉపయోగపడింది. ఎండకు బొమ్మలు చెరిగి, సంక్రాంతి లోపలే అవి వట్టి తెల్ల పట్టీలైపోయాయి.

తరువాత హాలు మూతపడింది. శెట్టి దాన్ని శనక్కాయల గోడౌనుకు ఇచ్చాడు. వదిన కంత దగ్గర కూర్చోవడం మానేశాక త్వరగా ముసలిదైంది. ఊపిరి జబ్బు పట్టుకుంది. రెండువేల తొమ్మిది ఫిబ్రవరిలో పోయింది. నీళ్లు పోసేటప్పుడు చౌడమ్మ వాళ్లు చుట్టూ చీరలు పట్టుకున్నారు. లోపల నేనున్నాను. తేలు ముడతలు పడి చిన్నదైపోయింది.

ఆమె పోయి నెల తిరక్కముందే, మహిళా దినోత్సవమని, ఏదో చానెల్‌లో ఆ సినిమా వేశారు. మేము పెట్టింది కాదు. ఇంటినిండా చుట్టాలు, పిల్లలు ఏదో తిప్పుతుంటే తగిలింది. స్త్రీశక్తికి నిదర్శనమైన చిత్రం అని యాంకరు చెబుతోంది. ఈ ఏడెనిమిదేళ్లలో వాళ్లు ఒక్క మాట కూడా కొత్తగా నేర్చుకోలేదు. ఆపెయ్యమందామని లేచాను, మా ఒక్క ఇంట్లో ఆపితే ఏం లాభమనిపించి ఆగాను. అరుగు మీద కూర్చున్న ఓబులేసు అప్పటికే తల వంచుకుని ఉన్నాడు.

"దీన్ని కొయ్యలేమక్కా" అన్నాడు చౌడమ్మతో.

చివరి పోరాటం వచ్చింది. మొదటి ఉరుము ఉరిమింది. చౌడమ్మ లేచి, టీవీ ముందుకు పోయి, పైచీర తీసి ఒక కొస పట్టుకుంది. రేఖ లేచి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ తెరకు వీపు పెట్టి, ముఖాలు మా వైపు తిప్పి నిలబడ్డారు. గుడ్డ వెనక వెలుతురు మెరుస్తోంది, వాన కురుస్తోంది.

"ఏంది పెద్దమ్మా, అడ్డం లెయ్. కనపడ్లేదు" అన్నాడు చుట్టాలబ్బాయి ఒకడు.

"కనపడకుండేదానికే నిలబడినా. గమ్మున కూకో."

కేక వినబడింది. చౌడమ్మ చేతులు నొప్పెట్టి కొంచెం కిందికి దిగాయి.

"అయిపాయెనా?" అంది అరుగు వైపు చూసి.

ఓబులేసు కళ్లు మూసుకుని ఆ శబ్దం వింటున్నాడు. రీలు ఇంకా అతని చెవిలో ఉంది.

"ఇంగొక ముక్క ఉండాదక్కా" అన్నాడు. "పట్టుకో."

ఆమె చీర మళ్లీ పైకెత్తింది.